కారు బుర్రకు బొట్టు

అందరికీ నమస్కారమండీ. సిగ్నల్ అందుతోంది కదా? మధ్యలో తెగితే కంగారు పడకండి, మొదటినుంచి మళ్ళీ చదువుకోండి.

సాలూరులో కిరాణా కొట్టు నడిపే వరహాలరావు ఆ ఉదయం అనుకున్నది చిన్న పనే. కొత్త కారుకు పూజ చేయించి, భార్య రాజకుమారినీ అత్తగారు అప్పలనర్సమ్మనూ ఎక్కించుకుని, పాచిపెంట దాటి కొండ మీద జరిగే సుమ పెళ్ళికి పది గంటలకల్లా చేరాలి. సుమ అప్పలనర్సమ్మకు మనవరాలు. పుట్టింటివారి పుస్తె ఈవిడ చేతిసంచిలోనే ఉంది.

పూజారి బోనెట్‌కూ స్టీరింగుకూ పసుపు కుంకుమలు పెట్టాక, అప్పలనర్సమ్మ లోపలున్న టచ్‌స్క్రీన్ చూపించింది.

"బండికి బుర్ర ఇదేనంట కదా పంతులూ. దీనికీ ఎట్టు."

ఆయన రూపాయి బిళ్ళంత పెట్టాడు.

ఘాట్ ఎక్కగానే మంచు కమ్మింది. కాసేపటికి అద్దం లోపలివైపు కూడా తెల్లబడింది. రాజకుమారి తువ్వాలుతో తుడుస్తోంది, ముగ్గురి ఊపిరికీ మళ్ళీ పట్టేస్తోంది. వెనక లారీ హారన్. ఆగడానికి చోటు లేదు. ముందు వెళ్తున్న జీపు ఎర్రలైటు ఒక్కటే ఆధారం.

"అద్దానికి గాలి కొట్టే బటన్ నొక్కండీ!" అంది రాజకుమారి.

"బటనెక్కడుందే? పాత బండిలో ఐతే సూడకుండా తిప్పీవోడిని. ఇప్పుడన్నీ బొమ్మలే!"

ఒక బొమ్మ నొక్కితే పాట మోగింది. ఇంకోటి నొక్కితే చలిగాలి అత్తగారి ముఖాన కొట్టింది. కావలసిన బొమ్మ బొట్టు కింద ఉంది. అతని వేలు అటు కదలగానే వెనకనుంచి కేక.

"సెయ్యి తియ్యి బాబూ! కొత్తబండి బొట్టు సెరిపేత్తావా? నా గుంట రాజకుమారి పసుపుకుంకాలు ఏటైపోవాల?"

"లోయలో పడితే ఏటైపోతాయత్తా?"

"అపశకునం మాటలాడకు. అమ్మోరు సూసుకుంటాది."

జీపు పక్కకు తిరిగింది, వరహాలరావూ తిరిగాడు. జీపు ఆగింది, అతనూ ఆగాడు. ఘాట్‌లో ట్రాఫిక్ నిలిచిపోయిందనుకున్నారు. ఎంతసేపటికీ కదలదు. ముహూర్తం దగ్గరపడుతోంది. అప్పలనర్సమ్మ సంచిలోని పుస్తెను తడిమి తడిమి, చివరికి ముందుకు వంగి, తెర మీది బొట్టును వేలితో గీరి అల్లుడి నుదుట అంటించింది.

"సెరపనేదు. సోటు మార్సినాను. బేగి నొక్కు."

గాలి కొట్టి అద్దం తేటపడింది. ఎదురుగా రోడ్డు లేదు. ఒక పెంకుటిల్లు, నాలుగు కోళ్ళు, ఇంటిముందు జీపు. జీపు నడిపే గాసి అనే ఆయన కిటికీ దగ్గరికొచ్చాడు.

"ఎవులు బాబూ మీరు? పొద్దున్నుంచి నా ఎనకాల కొత్తకార్లే వత్తన్నాయి!"

పక్కనే పూలదండలు కట్టిన మరో కారుంది. అరుగు మీద కూర్చుని చోడి అంబలి తాగుతున్నది సుమను చేసుకోబోయే పెళ్ళికొడుకు భాను. వాళ్ళ కారు తెర మీదా బొట్టు ఉంది. దాన్ని ముట్టుకోనివ్వకుండా వాళ్ళమ్మ కాపలా కూర్చుంది.

పుస్తె, పెళ్ళికొడుకు, పెళ్ళివారు అందరూ గాసి జీపులో ఇరుక్కున్నారు. తన కారు అద్దం బాగైపోయిందని వరహాలరావు మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు, భార్యతో సహా. తాళి మాత్రం ముహూర్తానికే పడింది.

మీకు తెలిసినవాళ్ళలో కొత్త కారు కొన్నవాళ్ళుంటే ఈ కథ పంపించండి. పూజారులుంటే వాళ్ళకు ముందు పంపించండి.