నల్లబల్ల మీద పెద్ద కోడలు

శనివారం ఉదయం ఏడింటికల్లా సుద్దముక్కలు జేబులో వేసుకుని కిందికి దిగాలన్నది మాస్టారి పథకం. రిటైరైన డ్రాయింగు మాస్టారాయన. అపార్టుమెంటు గుమ్మం పక్కనున్న నల్లబల్ల మీద వారం వారం కబుర్లు రాయడం ఇప్పుడాయనకు మిగిలిన ఒకే ఒక్క ఉద్యోగం. జీతం లేదు, పాఠకులు అసలే లేరు. ఆదివారం మీటింగులో ఆ బల్ల పీకించి అద్దం పెట్టిస్తానని సెక్రటరీ ముందే చెప్పేశాడు. "జనం చదవరు మాస్టారూ, మొహం చూసుకుంటారు" అన్నాడు. ఆ మాటకి మాస్టారికి రెండు రోజులు అన్నం సయించలేదు. ఈ ఒక్కసారీ నలుగురు ఆగి చదవకపోతే ఇక తన బతుకు బాల్కనీ కుర్చీకే అంకితం.

బల్ల మీద ఎప్పుడూ మూడు శీర్షికలుంటాయి: మన భవనంలో ఈ వారం, టీవీలో, పేపర్లో. టీవీ భాగానికి సరుకు అందించేది ఆయన భార్య. సీరియల్లో ఒక్క కన్నీటి బొట్టు వదిలేసినా ఆవిడ ఊరుకోదు.

"పెద్ద కోడలు పాలల్లో ఏం కలిపిందో రాయకండి. కలిపిందని మాత్రం రాయండి" అంది.

"చోటు చాలదే."

"ఆ శీర్షికలు తీసేయండి. ఏది ఎక్కడిదో జనానికి ఆమాత్రం తెలీదా?"

మాస్టారికి సబబుగానే తోచింది. పైనున్న "మన భవనంలో ఈ వారం" మాత్రం ఆయన రంగు సుద్దతో పూలు వేసి మరీ రాసుకున్న శీర్షిక. దాన్ని చెరపడానికి చేతులు రాలేదు. మిగతా రెండూ చెరిపేశారు. దాని కింద వరసగా ఇవి చేరాయి:

రెండు నొక్కితే లిఫ్టు నాలుగులో ఆగుతోంది.
టెర్రస్ మీద తీగకు ఒంటి సాక్సు వారంగా వేలాడుతోంది.
పెద్ద కోడలు మామగారి పాలల్లో ఏదో కలిపింది.
పోయాడనుకున్న తమ్ముడు గడ్డంతో తిరిగొచ్చాడు.
జూ నుంచి తప్పించుకున్న చిరుతపులి ఇంకా దొరకలేదు. మెట్ల కింద వెతుకుతున్నారు.

ఎనిమిదింటికి తొలి పాఠకుడు దొరికాడు. వాకింగు నుంచి వస్తున్న మూడో అంతస్తు పెద్దాయన కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివాడు. ఆయనకు ఇద్దరు కోడళ్లు. పెద్దామె పళ్ల డాక్టరు. పెద్దాయన ఇంటికెళ్లి ఆమె తెచ్చిన టీ కప్పు ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"చల్లారిపోతోంది మామయ్యా."

"ముందు నువ్వు తాగమ్మా."

తొమ్మిదింటికల్లా భవనమంతా గుప్పుమంది. మెట్ల వైపు తొంగిచూసే నాథుడు లేడు. ఆరుగురు పట్టే లిఫ్టులో సెక్రటరీతో సహా పదకొండు మంది ఎక్కారు. అది మూడుకీ నాలుగుకీ మధ్య మొరాయించింది. ఫోను చేస్తే లిఫ్టు మెకానిక్ వచ్చాడు. ఖర్మ కాలి ఆయనకు గడ్డం ఉంది.

"ఇన్నాళ్లూ ఎక్కడున్నావు నాయనా?" అంటూ కింది వాటా బామ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఇంకో మూడు బిల్డింగులున్నాయండీ."

"మీవాళ్లు ఎంత కుమిలిపోయారో తెలుసా?"

"ఫోను చేసింది పావుగంట కిందటే కదండీ."

లిఫ్టు మోటారు టెర్రస్ మీదుంది. మెట్లెక్కి వెళ్లాలి. మెట్ల కింద ఏముందో బామ్మ చెప్పగానే మెకానిక్ పనిముట్ల సంచి కింద పెట్టి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "పులుల పని మా కంపెనీ చూడదండీ" అన్నాడు.

బాల్కనీలోంచి బల్ల ముందు గుంపును చూసి మాస్టారి ఛాతీ ఉబ్బిపోయింది. ముప్ఫై ఒకటి దాకా లెక్కపెట్టారు. ముప్ఫై రెండో మనిషి తలుపు కొట్టింది. పళ్ల డాక్టరు.

"మాస్టారూ, నేనేం కలిపాను?"

"ఎందులో అమ్మా?"

"మా మామయ్య పొద్దుట్నుంచి మంచినీళ్లు కూడా ముట్టుకోలేదు. చెంబుకేసి అనుమానంగా చూస్తున్నారు."

అప్పటికి గానీ మాస్టారికి విషయం బోధపడలేదు. గబగబా కిందికి దిగి, మెకానిక్‌ను వెంటబెట్టుకుని, పులి లేదని నిరూపించడానికి తానే ముందు నడుస్తూ టెర్రస్ దాకా ఎక్కారు. రెండు గంటల తర్వాత లిఫ్టులోంచి బయటపడ్డ సెక్రటరీ చెమట తుడుచుకుంటూ "రేపు మీటింగులో చూద్దాం" అని ఒక్క ముక్క అన్నాడు.

ఎప్పుడూ నలుగురు రాని మీటింగుకి ఆ రోజు కుర్చీలు చాలలేదు. మాస్టారు లేచి నిలబడ్డారు.

"ఆ కోడలూ తమ్ముడూ సీరియల్లో వాళ్లు. పులి పేపర్లోది, ఎక్కడో జూది. ఆ మెట్లూ అక్కడివే. తప్పు నాది. బల్ల తీసేయండి" అన్నారు.

మూడో అంతస్తు పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"అదంతా సరే. ఇంతకీ పాలల్లో కలిపిందేంటి?"

వెనక వరసలోంచి మాస్టారి భార్య నింపాదిగా లేచింది. "ఇక్కడ చెప్పేస్తే ఎలా అన్నయ్యగారూ? బల్లంటూ ఉంటే కదా రాసేది."

చేతులన్నీ లేచాయి. సెక్రటరీది అందరికన్నా ముందు లేచింది. లిఫ్టులో ఉన్న రెండు గంటలూ వాళ్లు చర్చించింది ఆ పాల గురించేనట. బల్ల ఉండాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. సుద్దముక్కలు మాత్రం ఆవిడకి అప్పగించాలన్నారు. మాస్టారు మరీ చిన్నబుచ్చుకోకుండా, అడుగున చోటు మిగిలితే ఆయన ఒక లైను రాసుకోవచ్చని కూడా తీర్మానంలో చేర్చారు.

ఇప్పటికి ఏడు వారాలైంది. చోటు మిగల్లేదు.