నా డిగ్రీని మింగిన బురుజు

ఇటలీలోని మోదెనాలో ఇల్లరికం ఉన్న అల్లుడు పైకి అనకూడని మాట ఒకటుంది. పక్క ఊరు బొలోన్యాలో తొర్తెల్లీని బాగుంటాయి అని. అన్నాడో, ఆ పూటకు పస్తే.

నేను బొలోన్యాలో చదువుకున్నవాణ్ణి. ఈ మాట అన్నప్పుడల్లా మా ఆవిడ ఎర్సీలియా దగ్గుతుంది. సరే, చదువుకోవడానికి వెళ్లినవాణ్ణి. కాలేజీ వెనక సందులో ఆర్జియమ్మ పూటకూళ్ల ఇల్లుండేది. గోరంత పిండి రేకులో మాంసం పూర్ణం పెట్టి, వేలికి చుట్టి మడిచి, వేడి వేడి కోడి చారులో వేసి పెట్టేది; అవే తొర్తెల్లీని. పూర్ణంలో జాజికాయ ఒక చిటికెడు ఎక్కువే పడేది. ఆ వాసనకు నేను పాఠాలన్నీ మరిచిపోయాను. పాఠాలు మళ్లీ గుర్తుకు రాలేదు గానీ, ఆ వాసన మాత్రం ముప్పై ఏళ్లయినా నన్ను వదల్లేదు.

ఇంట్లోనూ ఆదివారం ఆదివారం తొర్తెల్లీనే. వాళ్లమ్మ పద్ధతని అంటుంది ఎర్సీలియా. తింటూ నేనొక నిట్టూర్పు విడుస్తాను.

"ఏమిటా నిట్టూర్పు?"

"చారు వేడిగా ఉంది."

ముప్పై ఏళ్లుగా మా ఇంట్లో చారు వేడిగానే ఉంది.

చచ్చేలోగా ఆర్జియమ్మ చేతి గిన్నె ఇంకొక్కటి తినాలని నా కోరిక. అందుకే ఈసారి పెళ్లిరోజుకి బొలోన్యా చూసొద్దామన్నాను. ఎర్సీలియాని ఊరి నడుమ ఆకాశమంత ఎత్తున్న అసినెల్లి బురుజు ఎక్కించి, ఆవిడ దిగొచ్చేలోగా నా పని చక్కబెట్టుకోవాలని పథకం.

ఆ బురుజుతో నాకు పాత పగ ఉంది. చదువు పూర్తికాకుండా దాన్నెక్కిన విద్యార్థికి డిగ్రీ రాదని బొలోన్యాలో చంటిపిల్లవాడికి కూడా తెలుసు. తెలిసే ఎక్కాను. "పైనుంచి మా మోదెనా కనబడుతుందట, చూపిస్తావా?" అని కింద నిలబడి అడిగింది ఎర్సీలియా. పైకి వెళ్లాక ఆ పిల్ల ముఖం చూస్తూ మోదెనా ఎటుందో మరిచిపోయాను. డిగ్రీ పోయింది, పిల్ల దక్కింది. ఫిర్యాదేమీ లేదు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెబుతుంటానంతే.

పొద్దున్నే బజారు సందుల్లో పడ్డాం. ప్రతి కొట్లోనూ ఎర్సీలియా రుచి చూడటం, తీర్పు చెప్పటం. మోర్తదెల్లా మాంసానికి ఉప్పెక్కువ. జున్ను మా ఊళ్లోనే నయం. తీర్పు చెబుతూనే పళ్లెం ఖాళీ చేసేది. సన్నగా తుంపర పడుతుంటే వరండాల కిందుగా నడిచి బురుజు దగ్గరికి చేరాం.

"నువ్వు ఎక్కి రా. నేనిక్కడే ఉంటా."

"నువ్వు రావా?"

"ఒకసారి ఎక్కి డిగ్రీ పోగొట్టుకున్నా. ఇప్పుడు ఎక్కితే రేపు రావలసిన పింఛను పోతుంది."

"మోకాళ్ల నొప్పులని చెప్పరాదూ."

"అవీ ఉన్నాయి."

"ఒక్కడివీ ఏం చేస్తావు?"

"నిన్ను తలుచుకుంటూ కూర్చుంటా."

ఎర్సీలియా నన్ను ఎగాదిగా చూసింది. అక్కడే నేను జాగ్రత్తపడాల్సింది. పెళ్లయ్యాక అలాంటి మాట ఆవిడ నా నోట వినలేదు.

ఆవిడ అటు తిరగ్గానే నేను ఇటు పరుగు. అదే సందు, అదే చెక్క తలుపు. ఆర్జియమ్మ బాగా వంగిపోయింది గానీ చూపు తగ్గలేదు.

"నువ్వా ఒత్తావియో. పొట్ట ముందొచ్చింది, నువ్వు వెనకొచ్చావు. కూర్చో."

గిన్నె వచ్చింది. కళ్లు మూసుకుని ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాను. అదే జాజికాయ, అదే చారు. కానీ నాకు నా కుర్రతనం గుర్తుకు రాలేదు. పోయిన ఆదివారం గుర్తుకొచ్చింది. ఇంకో చెంచా తిన్నాను. అంతకు ముందు ఆదివారం గుర్తుకొచ్చింది.

"ఆర్జియమ్మా, వంట చేసే చెయ్యి మారిందా?"

"ఇదే చెయ్యి. ఏం?"

"ఇవి మా ఇంట్లోవిలా ఉన్నాయి."

"మీ ఇంట్లోవే నావిరా. పెళ్లికి ముందు అందరు కుర్రాళ్లలాగే నువ్వు సైన్యంలో ఉన్న చలికాలమంతా ఆ పిల్ల రైలెక్కి వచ్చి, ఈ బల్ల దగ్గరే నేర్చుకుంది. వాళ్లమ్మకి చెప్పొద్దని నా చేత ఒట్టు కూడా వేయించుకుంది."

"ఇప్పుడూ చెప్పొద్దు ఆర్జియమ్మా. మా అమ్మ ఇంకా బతికే ఉంది," అంది నా వెనక నుంచి ఎర్సీలియా, గొడుగు మడుస్తూ.

నా చెంచా గిన్నెలో పడింది.

"బురుజు ఎక్కలేదా?"

"నన్ను తలుచుకుంటూ కూర్చునేవాణ్ణి వదిలి ఎలా ఎక్కను?"

కుర్చీ లాక్కుని, నా గిన్నె తన ముందుకు జరుపుకుంది. మోదెనా పిల్ల నాకోసం బొలోన్యా వంట నేర్చుకుని, కన్నతల్లికి తెలియకుండా ముప్పై ఏళ్లు నాకు వండి పెట్టింది. నేను అదే తింటూ, అదే కావాలని నిట్టూర్చాను. నాకు ఏడుపొచ్చింది.

"ఏమిటా కళ్లు?" అంది.

"చారు వేడిగా ఉంది."

"మరి ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?" అన్నాను కళ్లు తుడుచుకుంటూ.

"ఎప్పటికి కనుక్కుంటావో చూద్దామని."

ఆర్జియమ్మ ఇంకో గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. ఎర్సీలియా ఆవిడతో మెల్లగా అంది: "వారం వారం తింటున్నదేమిటో తెలుసుకోవడానికి ముప్పై ఏళ్లు పట్టింది. డిగ్రీ రాలేదని పాపం ఆ బురుజుని తిడుతుంటాడు."