అత్తగారి బొమ్మ మార్కు

ఆ రోజు ఉదయం చిన్నల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, ట్రేడ్‌మార్కుల లాయరు దగ్గరికి వెళ్ళి తన సరుకు పేరూ బొమ్మా రిజిస్టరు చేయించుకోవాలి, భోజనం వేళకి ఇంటికొచ్చి మళ్ళీ ప్యాకెట్లు కట్టుకోవాలి. అంతే.

అతను పనిచేసిన రంగుల కంపెనీ కిందటేడు మూతపడింది. ఎక్కడ చూసినా ఉద్యోగాలు ఊడేవే గానీ దొరికేవి లేవు. కాళ్ళరిగేలా తిరిగి తిరిగి ఇంట్లో కూలబడ్డ రోజున అత్తగారు ఒక డబ్బా తెచ్చి ముందు పెట్టింది. అందులో ఆవిడ సొంతంగా కలిపే తెల్లటి పొడి ఉంది. చిటికెడు వేసి రుద్దితే సిరా మరకైనా, నూనె మరకైనా చెప్పాపెట్టకుండా పోయేది. "ఇది అమ్ముకోండి బాబూ. ఎక్కడిదని ఎవరికీ చెప్పకండి" అంది.

అతను దానికి 'అత్తగారు' అని పేరు పెట్టాడు. ప్యాకెట్టు మీద ఆవిడ ఫోటో వేశాడు. పెళ్ళిలో ఫోటోగ్రాఫరు నవ్వమన్నప్పుడు ఆవిడ అతనివైపు చూసిన చూపు అది. కింద 'కంటపడితే మరక బతకదు' అని ఒక ముక్క. జనానికి ఆ చూపు తెగ నచ్చింది. ఎవరి అత్తగారిని వాళ్ళు తలుచుకుని మరీ కొన్నారు. ఇప్పుడిప్పుడే ఇల్లు గడుస్తోంది. లాయరు ఫీజు గుర్తొచ్చినప్పుడల్లా 'వచ్చే నెల చూద్దాంలే' అనుకుంటూ ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాడు.

బొమ్మ సంగతి అత్తగారికి మాత్రం ఎవరూ చెప్పలేదు. 'నువ్వు చెప్పు' అంటే 'మీరే చెప్పండి' అనుకుంటూ మొగుడూ పెళ్ళాలు రోజులు వెళ్ళదీశారు. అదృష్టవశాత్తూ ఆవిడ కళ్ళజోడు పగిలిపోయింది. కొట్టుకి వెళ్ళడమూ మానేసింది.

బస్సు కోసం వెళుతూ అత్తగారి వీధి మొగలో ఉన్న కొట్టు దగ్గర ఆగాడు. కొట్టాయన చేటంత మొహం చేసుకుని ఎదురొచ్చాడు.

"రండి సార్! మీ కొత్త సరుకు కూడా బాగా పోతోంది."

"కొత్త సరుకేంటండీ?"

కొట్టాయన ఒక ప్యాకెట్టు తీసి చేతిలో పెట్టాడు. 'అసలైన అత్తగారు' అని ఉంది. అదే తెల్లటి పొడి. అదే మొహం. కాకపోతే ఈ ఫోటోలో ఆవిడ నవ్వుతోంది. అది పెద్దల్లుడి పెళ్ళినాటి ఫోటో. అప్పటికింకా ఆవిడకి అల్లుళ్ళంటే ఏమిటో తెలియదు.

ప్యాకెట్టు చేత పట్టుకుని చిన్నల్లుడు పరిగెత్తాడు. వచ్చిన బస్సు ఎక్కడికి వెళుతుందో కూడా చూడకుండా ఎక్కి, రెండు బస్సులు మారి, చెమటలు కక్కుతూ లాయరు ఆఫీసులో అడుగు పెట్టాడు. అక్కడ కుర్చీలో తోడల్లుడు కాలుమీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన ప్రయాణాల ఏజెన్సీలో మేనేజరుగా చేసేవాడు. జనం ప్రయాణాలు మానుకోవడంతో ఏజెన్సీ దుకాణం కట్టేసింది.

"అన్నయ్యా, ఇదేం పని? అత్తయ్య పేరు నాది!"

"నీదెలా అవుతుంది తమ్ముడూ? ముందు వాడినవాడిదే హక్కట. నువ్వు పెళ్ళిచూపులకి రాకముందే నేనావిణ్ణి అత్తయ్యా అని పిలిచాను."

"పిలిస్తే సరిపోదు, సరుకు మీద వేసి అమ్మాలి. ముందు అమ్మింది నేను. అసలా పొడి నీకెక్కడిది?"

"అత్తయ్య స్వయంగా ఇచ్చారు. ఎవరికీ చెప్పొద్దన్నారు."

ఆవిడ రహస్యం చెప్పింది తనొక్కడికే అనుకుని ఇన్నాళ్ళూ లోలోపల ఎంత మురిసిపోయాడో చిన్నల్లుడికే తెలుసు.

లాయరమ్మ ఇద్దరినీ లోపలికి పిలిచి, రెండు ప్యాకెట్లూ పక్కపక్కన పెట్టుకుంది. ఒక మొహం నవ్వుతోంది, ఒక మొహం ఉరిమి చూస్తోంది.

"చూడండి, కష్టకాలంలో మీలాంటివాళ్ళు చేసేదే ఇది. ఫీజుకి వెనకాడి పేరుని గాలికొదిలేస్తారు. వ్యాపారం నాలుగు రోజులు నిలబడేసరికి ఇంకోడు అదే పేరెట్టుకుని తయారవుతాడు. అప్పుడు నా దగ్గరికి పరిగెత్తుకొస్తారు" అని, కళ్ళజోడు పైకి తోసుకుని అడిగింది. "ఈవిడ బతికే ఉన్నారా?"

"ఉన్నారండీ" అన్నాడు పెద్దల్లుడు.

"దిట్టంగా ఉన్నారు" అన్నాడు చిన్నల్లుడు.

"బతికున్న మనిషి బొమ్మ వాడాలంటే ఆ మనిషి ఒప్పుకుని సంతకం పెట్టాలి. పెట్టారా?"

తోడల్లుళ్ళిద్దరూ మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

చిన్నల్లుడు తేరుకుని వరండాలోకి ఉరికాడు. భార్యకి ఫోను చేశాడు. లోపల తోడల్లుడు వింటాడని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడాడు. "మీ అమ్మ బతికున్నారు కాబట్టి సంతకం కావాలట. వెంటనే పరిగెత్తు. మీ అక్కకి చెప్పకు. ఆలస్యమైతే చేయి దాటిపోతుంది."

ఆ వరండాలో సిగ్నలు అంతంతమాత్రం. అవతలి చెవికి చేరింది ఇంతే: "మీ అమ్మ... వెంటనే పరిగెత్తు... మీ అక్కకి చెప్ప... చేయి దాటిపో..."

అతను లోపలికొచ్చి, ఎవరు ముందు సంతకం తెచ్చుకుంటే వారిదే మార్కవుతుందా అని లాయరమ్మని గుచ్చి గుచ్చి అడుగుతూ ఉండగా పెద్దల్లుడి ఫోను మోగింది. ఆయన "హలో" అన్నాడు. అవతలి మాట విని కుర్చీలో జారగిలబడిపోయాడు.

"ఏమైందన్నయ్యా?"

"అత్తయ్య... పోయారట తమ్ముడూ. ఇంటికి తాళం వేసుందట. ఆస్పత్రికి తీసుకెళ్ళారో ఏమో, అయిపోయిందంటూ మా ఆవిడ ఏడుస్తోంది."

"ఎవరు చెప్పారు?"

"మీ ఆవిడే చెప్పిందట."

తన భార్య అబద్ధం చెప్పే మనిషి కాదు. చిన్నల్లుడు నమ్మేశాడు. తన నోట్లోంచి బయల్దేరిన వార్తే ఊరు చుట్టి తన దగ్గరికొచ్చిందని అతనికి తట్టనే లేదు.

లాయరమ్మ నిట్టూర్చి సొరుగు తెరిచింది. "అయితే ఫారం మారుతుంది. ఇప్పుడు వారసులందరి సంతకాలూ కావాలి."

"మీకసలు మనసుందా మేడమ్?" అన్నాడు పెద్దల్లుడు ఏడుపుగొంతుతో.

ఇద్దరూ ఒకే టాక్సీ ఎక్కారు. చిన్నల్లుడికి డబ్బా తెచ్చి ముందు పెట్టిన ఆవిడ చేతులే కళ్ళకి కట్టాయి. ఉద్యోగం పోయినందుకు ఆవిడ ఒక్కనాడూ సూటిపోటి మాటనలేదు. అలాంటి మనిషికి తెలియకుండా మొహం అమ్ముకుతిన్నాడు తను.

"మార్కు నువ్వే తీసుకో అన్నయ్యా. నాకేం వద్దు."

"ఛ, అలా అనకు. నువ్వే ముందు అమ్మావు. నీకే దక్కాలి."

టాక్సీ దిగేసరికి వీధి మొగంతా జనం. కూతుళ్ళిద్దరూ ఏడుస్తూ పరిగెత్తడం చూసి కొట్టాయన సంగతి ఊహించుకున్నాడు. షట్టరు సగం దించి, గోడమీది 'అత్తగారు' పోస్టరు ముందు పూలు పెట్టాడు. ఇక ఈ పొడి రాదన్న మాట క్షణాల్లో పాకిపోయింది. ఉన్నవాళ్ళు నాలుగేసి, లేనివాళ్ళు రెండేసి కొనుక్కుంటున్నారు. కూతుళ్ళు కొట్టు మెట్లమీద ఒకర్నొకరు పట్టుకుని ఏడుస్తున్నారు. అల్లుళ్ళు కూడా వెళ్ళి వాళ్ళ పక్కన కూలబడ్డారు.

సరిగ్గా అప్పుడు వరస చివర గొడుగు ముడుస్తూ ఒక పెద్దావిడ వచ్చి నిలబడింది.

"ఏం బాబూ, ఏమిస్తున్నారిక్కడ?"

ముందున్నతను వెనక్కి తిరగకుండానే చెప్పాడు. "ఈ పొడి తయారుచేసే అత్తగారు పోయారటండీ, పాపం. అదిగో బొమ్మ."

ఆవిడ అప్పుడే తెచ్చుకున్న కొత్త కళ్ళజోడు సర్దుకుని పోస్టరు కేసి చూసింది. ముందున్నతను వెనక్కి తిరిగాడు. ఆవిణ్ణి చూశాడు. పోస్టరు చూశాడు. తన వంతు వదులుకుని పక్కకి తప్పుకున్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కరే తప్పుకోగా కొట్టు దాకా దారి తెరుచుకుంది.

"పోయింది నేనా?" అంది ఆవిడ.

కూతుళ్ళు "అమ్మా!" అంటూ వచ్చి మీద పడ్డారు. చెరోవైపూ వేలాడుతున్నవాళ్ళని ఓదార్చకుండా ఆవిడ అడిగింది. "ఎవరు చెప్పారు?"

కొట్టాయన పెద్దకూతుర్ని చూపించాడు. పెద్దకూతురు చెల్లెల్ని చూపించింది. చెల్లెలు మొగుణ్ణి చూపించింది. చిన్నల్లుడు చూపించడానికి ఎవరూ మిగల్లేదు. పోస్టరు మీద ఉన్న చూపే ప్రాణం పోసుకుని అతనిమీద వాలింది.

ఆవిడ రెండు రకాల ప్యాకెట్లూ తెప్పించుకుని చదివింది. "కంటపడితే మరక బతకదు. ఎవరు రాశారిది?"

"నేనే అత్తయ్యా."

"బావుంది."

తిట్టి ఉంటే అంత భయం వేసేది కాదు. పెద్దల్లుడు గొంతు సవరించుకుని, "ఒకే పొడి ఇద్దరికీ ఇచ్చారేంటత్తయ్యా?" అన్నాడు.

"ఇద్దరికీ ఉద్యోగాలు పోయాయి కాబట్టి. ఒకరికిచ్చి ఒకరికివ్వకపోతే నా కూతుళ్ళలో ఒకతి పస్తుండాలి. ఎవరికీ చెప్పొద్దన్నది మీ మొహమాటాలు మీకుంటాయని. ఇలా నా మొహం పట్టుకుని కొట్టుకుంటారనా?" అంది. ఆ మాటకి ఇద్దరూ తలలు దించుకున్నారు. ఆవిడ మాత్రం గొడుగు తీసుకుని, "ఆ లాయరమ్మ అడ్రసు చెప్పండి" అంది.

కేసు పెడుతుందనే అనుకున్నారిద్దరూ. మర్నాడు లాయరు ఆఫీసు నుంచి ఫోను రాగానే ఉన్నవాళ్ళు ఉన్నట్టుగా వెళ్ళారు. లాయరమ్మ ఎదుటి కుర్చీలో అత్తగారు నిటారుగా కూర్చుని ఉంది. లాయరమ్మ మొహం వెలిగిపోతోంది.

"ఇంత తేలికైన కేసు ఈమధ్య రాలేదండీ. బొమ్మగలావిడే నడుచుకుంటూ వచ్చి తన పేరుతోనే దరఖాస్తు పెట్టారు. పేరూ, నవ్వే బొమ్మా, నవ్వని బొమ్మా, మూడూ ఆవిడవే."

"మరి మేము?" అన్నారు తోడల్లుళ్ళు ఏకకంఠంతో.

"మీరు నా దగ్గర పనిచేస్తారు" అంది అత్తగారు. "పెద్దబ్బాయి ఊళ్ళు తిరిగినవాడు, కొట్లకి సరుకు వేసి రావాలి. చిన్నబ్బాయి మాటలు బాగా కడతాడు, ప్యాకెట్ల సంగతి చూడాలి. లాభం చెరిసగం మీ ఇళ్ళకే వస్తుంది. ఫోన్లు మాత్రం నేను చేస్తాను."

"ఏ ఫోటో వేద్దామత్తయ్యా?" అని చిన్నల్లుడు భయంభయంగా అడిగాడు.

"కోపంగా ఉన్నదే. నవ్వే మొహం చూసి మరకలేం భయపడతాయి?"

మర్నాటి నుంచి అల్లుళ్ళిద్దరూ అత్తగారి ముందుగదిలో ఎదురెదురుగా కూర్చుని ప్యాకెట్లు కట్టారు. ఆవిడ కొత్త కళ్ళజోడుతో వెనకాల పచార్లు చేస్తూ, మూత వంకరగా అతికిన ప్యాకెట్టల్లా తీసి మళ్ళీ ముందు పెట్టింది. సొంత వ్యాపారమైతే నెత్తిన అధికారి ఉండడని చెప్పినవాడెవడో గానీ, వాడికి పెళ్ళి అయి ఉండదు.