ఐదో కేసు

వైరస్‌కు సరిహద్దులు లేవని ఐదు దేశాలూ ఏకగ్రీవంగా తీర్మానించాయి. ఆ తీర్మానం అసలు ప్రతిని ఏ దేశంలో భద్రపరచాలన్న దాని మీద మాత్రం ఏడాదిన్నరగా చర్చలు సాగుతున్నాయి. (ఈలోగా వైరస్ తన పని తాను చూసుకుంటోంది. దానికి సమావేశాలు లేవు.)

ఈ మహత్తర సహకారానికి చిట్టచివరి కొస, సరిహద్దు వంతెన పక్క ఆస్పత్రిలో ఊపిరితిత్తుల వార్డు హెడ్ నర్సు. వారానికో ఫారం నింపి సమన్వయ కార్యాలయానికి పంపడం ఆవిడ పని. ఒకే వారంలో ఐదు తీవ్రమైన కేసులు నమోదైతే ప్రత్యేక మందుల పెట్టె వస్తుంది. నాలుగే అయితే అభినందన లేఖ వస్తుంది. ఆవిడ దగ్గర అప్పటికే ఏడు లేఖలున్నాయి.

ఆ వారం నలుగురి పక్కన ఐదో మంచం మీదికి ఒక లారీ డ్రైవరు వచ్చాడు. కాపురం వంతెనకు అవతల, ఆయాసం ఇవతల. హెడ్ నర్సుకు ప్రాణం లేచొచ్చింది, మరుక్షణమే సిగ్గేసింది. ఒకరికి ఊపిరాడకపోతే సంతోషించే ఉద్యోగమేమిటి ఖర్మ అనుకుంది. అయినా పెట్టె వస్తే ఐదుగురూ బతుకుతారని ఫారం పంపింది.

మధ్యాహ్నానికల్లా సమన్వయాధికారి ఫోన్ చేశాడు. మర్యాదస్థుడు, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాడు. మన దేశం రోగిని కాపురమున్న చోట లెక్కిస్తుంది. అవతలి దేశం వైద్యం జరిగే చోట లెక్కిస్తుంది. పరస్పర గౌరవ నిబంధన ప్రకారం ఒకరి పద్ధతిని ఇంకొకరు ప్రశ్నించరాదు.

"అంటే ఈయన ఎవరి లెక్కలోనూ లేడా సార్?"

"అలా అనకమ్మా. రెండు దేశాల గౌరవంలోనూ ఉన్నాడు."

తలుపు దగ్గర నిలబడ్డ డ్రైవరు భార్య అంతా విన్నది. కాపురం ఇవతలికి మార్చేస్తే మందు ఇస్తారా అని అడిగింది. ఇస్తారు, కాకపోతే ఆరు నెలలుగా ఇక్కడే ఉంటున్నట్టు రుజువు కావాలి.

"ఆరు నెలలు ఆగుతాడా అక్కా?"

హెడ్ నర్సుకు ఏడుపొచ్చింది. దానికి ఫారంలో గడి లేదు.

డ్రైవరును రెండు రోజులు కంటికి రెప్పలా చూసుకుంది. మూడో రోజుకు జ్వరమూ ఆయాసమూ ఆవిడకే వచ్చి, ఆరో మంచమెక్కింది. అంత ఆయాసంలోనూ లెక్క వేసుకుంది. తన కాపురం ఇక్కడే, వైద్యమూ ఇక్కడే. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు భయమెందుకని కొత్త ఫారం తెప్పించి, నలుగురి కింద తన పేరు రాసి, సంతకం పెట్టింది.

"పెట్టె వస్తుంది తమ్ముడూ. కాస్త ఓపిక పట్టు," అని పక్క మంచానికి చెప్పింది.

పెట్టె రాలేదు, ఫారం తిరిగొచ్చింది. రోగీ, రోగిని ధ్రువీకరించే నర్సూ ఒకరే కారాదు. పైగా ఆ నర్సు అనారోగ్య సెలవులో ఉన్నందున, ఆవిడ సంతకంతో వచ్చిన మిగతా నలుగురూ చెల్లరు. ఆ వారం ప్రకటనలో సరిహద్దు ఆస్పత్రి కేసులు నాలుగు నుంచి సున్నాకు తగ్గాయి. ఐదు దేశాల ప్రతినిధులూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎనిమిదో లేఖ వచ్చింది.

శుక్రవారం ఐదో మంచం ఖాళీ అయింది.

డ్రైవరు శవాన్ని వంతెన దాటించేటప్పుడు మాత్రం రెండు దేశాలూ పోటీపడి లెక్కలోకి తీసుకున్నాయి. ఇవతలి వాళ్లు ఎగుమతి కింద రాసుకున్నారు, అవతలి వాళ్లు దిగుమతి కింద.