ముందు వరసలో గొడుగు

ఆ సోమవారం పొద్దున నార్మన్ పెట్టిఫర్ పెట్టుకున్న పనులు మూడే. ఎనిమిది గంటల రైలెక్కి సాల్ట్‌గేట్ చేరడం, పదకొండున్నరకి అక్కడి దహనవాటికలో అన్న అంత్యక్రియలకు ముందు వరసలో కూర్చోవడం, నటించకుండా ఉండడం. మూడోదే కష్టమని అతనికి తెలుసు.

డెబ్బై మూడేళ్ళ నార్మన్‌కి నలభై అయిదేళ్ళుగా సినిమాల్లో, టీవీలో చిన్న చిన్న వేషాలే బతుకు. ఆరుసార్లు బట్లర్, తొమ్మిదిసార్లు శవం, పదకొండుసార్లు పాస్టరు. దేశంలో అతని మొహం ఎరగనివాళ్ళు తక్కువ, పేరు తెలిసినవాళ్ళు అంతకన్నా తక్కువ. బస్సులో ఎవరైనా "మీరు మా వీధి పోస్టాఫీసులో ఉండేవారు కదూ?" అని పలకరిస్తే, వాళ్ళని చిన్నబుచ్చడం ఇష్టంలేక "అవునండీ, రిటైరయ్యాను" అనేవాడు. కాదనడం అతని ఒంట్లోనే లేదు.

ఆ గుణమే పంతొమ్మిదేళ్ళ కిందట కొంప ముంచింది. తల్లిని సమాధి చేసిన రోజున అతను ఎక్కడో యార్క్‌షైర్‌లో ఒక పోలీసు సీరియల్ కోసం బల్ల మీద శవమై పడుకుని ఉన్నాడు. "పరాయివాళ్ళ కోసం చచ్చి పడుండడానికి తీరికుంది గానీ, కన్నతల్లి పోతే రావడానికి లేదుట్రా?" అన్నాడు అన్న స్టాన్లీ. అంతే, మళ్ళీ మాటల్లేవు. కిందటి నెల మాత్రం ఆస్పత్రి నుంచి ఫోన్ చేశాడు. "కనీసం నేను పోయినప్పుడైనా రారా. ముందు వరసలో కూర్చో. వేషాలెయ్యకు." నార్మన్ మాటిచ్చాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చాడు.

రైలెక్కుతూంటే ఏజెంట్ మొయిరా ఫోన్ చేసింది. ముప్ఫై ఏళ్ళుగా అతనికి వేషాలు చూసిపెట్టేది ఆవిడే.

"గురువారం పదింటికి శవం వేషం ఉందయ్యా. డైలాగు లేదు. మధ్యాహ్నంలోగా ఊఁ అను."

"ఇవాళ మా అన్న అంత్యక్రియలు, మొయిరా."

"అయ్యో పాపం. అవి అయ్యాకే ఊఁ అను."

షూటింగులకు అరగంట ముందు వెళ్ళే అలవాటు కొద్దీ, నార్మన్ పదకొండింటికే దహనవాటిక చేరాడు. సన్నగా తుంపర. అక్కడ పక్కపక్కనే రెండు హాళ్ళున్నాయి. ఒక్కో కుటుంబానికి అరగంట, వీళ్ళు ఇటు వెళ్తూంటే వాళ్ళు అటు వస్తారు. స్టాన్లీది దక్షిణపు హాలు, దానికింకా తలుపులే తియ్యలేదు. ఉత్తరపు హాలు ముందు మాత్రం ఒక గుంపు తడుస్తూ నిలబడి ఉంది. అంత్యక్రియలు జరిపించే కంపెనీ మనిషి టాప్‌స్కాట్, నార్మన్ మొహాన్నీ అతని పొడుగాటి నల్లకోటునీ చూసి పరుగెత్తుకొచ్చాడు.

"హమ్మయ్య, వచ్చారా పాస్టరు గారూ! దారిలో కారు చెడిపోయిందన్నారే?"

"అది నేను కాదండీ..."

"మీరు కాకపోవడమేంటండీ? పోయినేడు మా అత్తగారికి చేసింది మీరేగా! ఎంత బాగా మాట్లాడారని!"

టాప్‌స్కాట్ అతన్ని చూసింది టీవీలో, అందులో పాతిపెట్టింది ఓ విలన్‌ని. నార్మన్ ఆ సంగతి చెప్పేలోపే, తొంభై ఏళ్ళ ముసలాయన ఒకరు వచ్చి అతని చేతులు రెండూ పట్టుకున్నాడు. పేరు క్రౌచ్, పోయినావిడ భర్త. "మా ఐవీ ఇందాకటినుంచీ ఎదురు చూస్తోందండీ. దానికసలే చలి పడదు" అన్నాడు.

నార్మన్ గడియారం చూసుకున్నాడు. పదకొండూ రెండు నిమిషాలు. పదకొండుసార్లు వేసిన వేషం, పాఠం కంఠతా వచ్చు. పది నిమిషాల పని, మనవాళ్ళు వచ్చేలోపు అయిపోతుంది అనుకుని లోపలికి నడిచాడు.

ప్రార్థన చక్కగా జరిగింది. ముగించబోతూంటే క్రౌచ్ లేచాడు.

"ఆస్పత్రిలో చివరిసారి దాంతో మాట్లాడింది మీరేనట. ఏమందండీ?"

అసలు పాస్టరుకి తెలియాల్సిన సంగతి అది. నార్మన్ ముసలాయన కళ్ళు చూసి లేదనలేకపోయాడు.

"మీరు టీ బాగా పెడతారంది."

"అరవై రెండేళ్ళు పెట్టానండీ. ఒక్కరోజు నాతో అనలేదు" అని క్రౌచ్ వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ వెంటనే కూతురు లేచింది. "మరి నా గురించో?" కూతురికి ఒక మాట చెప్పాక అల్లుడు లేచాడు, అల్లుడి తర్వాత ఇద్దరు మనవరాళ్ళు. ఎనిమిదో మనిషిగా పక్కింటాయన లేచి, తలొంచుకుని, "నిచ్చెన గురించి ఏమైనా అందాండీ?" అని అడిగాడు. ఆ నిచ్చెన కథేమిటో నార్మన్‌కి తెలియదు. "క్షమించేశానంది" అన్నాడు. పక్కింటాయన కూలబడి ఏడ్చాడు.

అప్పటికి పదకొండూ ఇరవై ఆరు. శవపేటిక ముందు తెర పడితే పని ముగిసినట్టే. నార్మన్ గబగబా బల్ల మీది మీట నొక్కాడు. తెర కదల్లేదు గానీ, ఏదో డాన్సు పాట మోగింది. మళ్ళీ నొక్కితే తెర సగం మూసుకుని, మనసు మార్చుకున్నట్టు తెరుచుకుంది. టాప్‌స్కాట్ దగ్గరికొచ్చి చెవిలో ఊదాడు. "వెనక్కెళ్ళి చేత్తో లాగుతాను. రెండే రెండు నిమిషాలు, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి."

రెండు నిమిషాలు పదయ్యాయి. గోడ అవతల దక్షిణపు హాల్లో పాట మొదలైంది. చిన్నప్పుడు అమ్మ గిన్నెలు కడుగుతూ పాడిన పాట. అన్నదమ్ములిద్దరూ చెరో పక్కా నిలబడి గిన్నెలు తుడిచేవారు. నార్మన్ తలుపు వైపు ఒక అడుగు వేశాడు. ముందు వరసలోంచి క్రౌచ్ చెయ్యి చాచి అతని కోటంచు పట్టుకున్నాడు. "అప్పుడే వెళ్ళకండి. తెర పడేదాకా ఎవరో ఒకరు దాంతో మాట్లాడుతూ ఉండాలి."

నార్మన్ ఆగిపోయాడు. వచ్చిన పాఠమంతా అయిపోయింది. ఇక మీదట మాటలు రాసిపెట్టినవాళ్ళెవరూ లేరు. శవపేటిక వైపు తిరిగి, మెల్లగా అన్నాడు.

"నువ్వు రమ్మన్నప్పుడు రాలేదు. వచ్చినవాళ్ళెవరినీ కాదనలేక, నిన్నే కాదనుకున్నాను. నువ్వయితే అర్థం చేసుకుంటావులే అనుకున్నాను. ఇవాళ కూడా గోడకి ఇవతలే ఉండిపోయాను. తప్పు నాదే. నీ మీద నాకు చచ్చేంత ప్రేమ."

హాలంతా ముక్కులు చీదుకుంటోంది. "అమ్మకి ఈయనింత దగ్గరివాడని మాకు తెలియనే తెలియదు" అని కూతురు భర్త చెవిలో అంది. తెర నెమ్మదిగా మూసుకుంది.

ఒక్కొక్కరే వచ్చి చేతులు పట్టుకుంటూంటే, వాళ్ళందరినీ విడిపించుకుని నార్మన్ బయటికి పరుగెత్తేసరికి పన్నెండు కొట్టింది. దక్షిణపు హాలు ఖాళీ. తోటలో పూలగుత్తుల పక్కన వదిన జీన్ ఒక్కతే నిలబడి ఉంది.

"ముందు వరసలో నీ కుర్చీ మీద నా గొడుగు పెట్టుంచాను. ముగ్గురు కూర్చోబోతే లేపాను" అంది. ఆ గొడుగు ఇప్పటికీ ముడిచే ఉంది. ఆవిడ జుట్టు తడిసిపోయింది.

"వదినా, నేను పదకొండింటికే వచ్చాను."

"వచ్చి?"

"పక్క హాల్లో ఉండిపోయాను."

"ఏం చేస్తూ?"

అతను తలొంచుకున్నాడు. "పాస్టరు."

"మళ్ళీనా!" అంది జీన్. నవ్వబోయింది గానీ, సగంలోనే ఏడుపొచ్చేసింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని అంది. "మీ అన్న నీవన్నీ చూసేవాడు, తెలుసా? బట్లరైనా, పాస్టరైనా. 'ఇదిగో మావాడు, రావే' అని కేకేసేవాడు. నువ్వు శవంగా వచ్చినప్పుడు మాత్రం టీవీ కట్టేసేవాడు. అది నేను చూడలేను అనేవాడు."

పంతొమ్మిదేళ్ళుగా అన్న తనని తిట్టుకుంటున్నాడనే నమ్మాడు నార్మన్. తిట్లయితే మోసుకు తిరిగేవాడు. ఇది మొయ్యలేక అక్కడే తడిబెంచీ మీద కూర్చుండిపోయాడు.

"గురువారం పదింటికి రేవు దగ్గర అస్థికలు కలుపుతున్నాం" అంది జీన్, గొడుగు విప్పి అతని తల మీద పట్టి. "వస్తే వస్తానను, లేకపోతే ఇప్పుడే లేదను. ఇంకోసారి గొడుగు పెట్టుకుని కూర్చోలేను."

అతను నోరు తెరిచేలోపు జేబులో ఫోన్ మోగింది. మొయిరా.

"ఏమయ్యా, గురువారానికి ఊఁ అంటున్నావు కదూ?"

నార్మన్ వదిన వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. నలభై అయిదేళ్ళలో ఎన్నడూ పలకని ఆ చిన్న మాట తన నోటికి ఎలా ఉంటుందో అతనికే తెలియదు.

"లేదు. నేను రాను" అన్నాడు.

"ఎవరండీ మాట్లాడేది?" అంది మొయిరా.