డాగ్మార్ దుంపల బడ్డీకి పట్టిన డిజిటల్ యోగం

డిజిటల్ సాంకేతికత చిన్న వ్యాపారికి తలుపులు తెరుస్తుందన్న విషయంలో నాగరిక ప్రపంచంలో ఇప్పుడు రెండో అభిప్రాయం లేదు. (రెండో అభిప్రాయం ఉన్నవారు దాన్ని తెలియజేయాలంటే ముందు ఖాతా తెరవాలి. ఖాతా తెరిచినవారిని మొదటి అభిప్రాయం వారిగానే లెక్కిస్తారు.) అసలు తలుపే లేని వ్యాపారి సంగతేమిటన్నది మాత్రం చాలాకాలం తేలని సమస్యగా ఉండిపోయింది. దాన్ని తేల్చిన ఘనత డెన్మార్క్ దేశంలోని హావ్‌రో దీవి పురపాలక సంఘానికి దక్కింది.

ఆ తలుపు లేని వ్యాపారి పేరు డాగ్మార్. డెబ్బై దాటిన మనిషి. ఇంటి ముందు తారురోడ్డు అంచున ఆమెకో బడ్డీ ఉంది. బడ్డీ అంటే నాలుగు కర్రలు, రెండు అరలు, పైన వాన పడకుండా ఒక రేకు. జూన్ వచ్చిందంటే డాగ్మార్ కొత్త బంగాళాదుంపలు తవ్వి, కాగితపు సంచుల్లో పోసి ఆ అరల్లో పెడుతుంది. పక్కన ఒక డబ్బా ఉంటుంది. చిల్లర ఉన్నవాళ్లు డబ్బాలో వేస్తారు, లేనివాళ్లు డబ్బా మూత మీద రాసిన నంబరుకు ఫోన్లోంచి పంపిస్తారు, సంచి తీసుకుని వెళ్లిపోతారు. బడ్డీ దగ్గర ఎవరూ ఉండరు. ఎవరూ ఉండనక్కర్లేదు కాబట్టే ఆ వ్యాపారం నడుస్తోంది. ఎందుకంటే సంస్థ మొత్తానికి ఉన్న మనిషి డాగ్మార్ ఒక్కతే, ఆమె ఆ వేళకు వెనక చేలో నడుం వంచి దుంపలు తవ్వుతూ ఉంటుంది.

కొత్త దుంపకు ఆయుష్షు తక్కువ. తొక్క గోటితో గీస్తే ఊడొచ్చేంత లేతగా ఉన్నప్పుడే, తవ్విన రోజే ఉడికించి, వెన్న వేసుకుని తినాలి. మర్నాటికి రుచి సగమవుతుంది, ఆ మర్నాటికి అది వట్టి బంగాళాదుంప. పెద్ద వర్తకులకు లారీ నిండా కావాలి, డాగ్మార్ చేలో అంత పండదు. బడ్డీ ఉంటేనే చేను నిలుస్తుంది, చేను నిలిస్తేనే ఆమె ఆ ఇంట్లో ఉండగలుగుతుంది. ఈ సంగతి దీవిలో అందరికీ తెలుసు, ఒక్క కార్యాలయానికి తప్ప.

మే నెలాఖరున ఒక రోజు ఎస్కిల్ అనే కుర్రాడు సైకిలేసుకుని వచ్చాడు. పురపాలక సంఘంలోని చిన్న, మధ్య తరహా వ్యాపారాల అవకాశాల విస్తరణ విభాగంలో అతను 'కొనుగోలుదారు ప్రయాణ సలహాదారు', అంటే కొనేవాడు దుకాణానికి వచ్చి సరుకుతో వెళ్లేదాకా జరిగేదంతా చూసేవాడు. (విభాగంలో ఉన్నది అతనొక్కడే. నిధులు చాలక, విస్తరణను ముందుగా విభాగం బయట మొదలుపెట్టారు.) మనిషి మంచివాడు, ఎవరినీ నొప్పించడం తెలియదు. డాగ్మార్ కాఫీ పోసి, దాల్చినచెక్క వేసిన తీపి రొట్టె పెట్టింది. కాఫీ తాగకముందే చెడు కబురు చెప్పడం ఆ దీవిలో మర్యాద కాదు.

“బడ్డీకి వచ్చినవాళ్లని ఎవరు పలకరిస్తారు?” అని అడిగాడు ఎస్కిల్, ఒళ్లో పలక లాంటి కంప్యూటర్ పెట్టుకుని.

“ఎవరూ పలకరించరు.”

“మరి వాళ్లొచ్చినట్టు మీకెలా తెలుస్తుంది?”

“దుంపలు తగ్గుతాయిగా.”

“పని వేళలు?”

“దుంపలున్నంతసేపు.”

“డిజిటల్‌గా ఏమైనా వాడుతున్నారా?”

“ఎందుకు వాడట్లేదు? సగం మంది డబ్బులు ఫోన్లోనే పంపిస్తారు. మూత మీద నంబరుంది, చూడలేదా?”

“చూశాను. దానికి శిక్షణ ఎక్కడ తీసుకున్నారు?”

“శిక్షణేంటి? పెయింటుతో రాశాను.”

“అయితే దానికి మార్కులు రావు,” అన్నాడు ఎస్కిల్, నిజంగానే బాధపడుతూ. “శిక్షణ అక్కర్లేకుండా పనిచేసేదాన్ని మేం సాంకేతికత కింద గుర్తించలేం, డాగ్మార్.”

తరువాత అసలు సంగతి బయటపెట్టాడు. రోడ్డు పక్కన గడ్డి నేల సంఘానిది. ఇకమీదట ఆ గడ్డి మీద డిజిటల్ పరిపక్వత వచ్చిన వ్యాపారాలనే ఉండనిస్తారు. జూన్ నెలాఖరున ఒడ్డున నడి వేసవి మంట వేసే పండుగలోపు తనిఖీ జరుగుతుంది.

“పరిపక్వత రాకపోతే?”

“బడ్డీ తీసేయాల్సి ఉంటుంది.”

“మరి నా దుంపలెక్కడ పెట్టుకోను?”

“దుంపల గురించి నిబంధనల్లో ఒక్క ముక్క కూడా లేదు. ఒకరకంగా అది మీకు మంచిదే.”

పొగరు మనిషని దీవిలో పేరున్న డాగ్మార్, ఆ రోజు మాత్రం రొట్టె ఇంకో ముక్క అతని పళ్లెంలో పెట్టి, ఏం చేయాలో అది చేసేయమంది.

చేసేశారు. వారం తిరక్కుండా బడ్డీ పక్కన ఒక స్తంభం లేచింది. దాని మీద తెర, తెరకు పైన ఎండతో కరెంటు తయారుచేసే పలక. అది చిన్న, మధ్య తరహా వ్యాపారాలన్నిటికీ కలిపి తయారుచేసిన ఒకే పరికరం. మందుల షాపుకీ, రొట్టెల దుకాణానికీ, పళ్ల డాక్టరుకీ, డాగ్మార్‌కీ అదే. వచ్చినవాళ్లు ఫోన్ని స్తంభానికి చూపిస్తే ఒక నంబరు వస్తుంది. 'మీ నంబరు పిలిచే వరకు దయచేసి వేచి ఉండండి' అని ఒక వాక్యం కూడా వస్తుంది. ఎవరు పిలుస్తారన్నది ఆ వాక్యంలో లేదు. ఎస్కిల్ స్తంభానికి చిన్న జెండా కట్టి, ఫొటో తీసుకుని, శుభాకాంక్షలు చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు డాగ్మార్ చేలోంచి తలెత్తి చూసేసరికి రోడ్డు మీద ఎనిమిది మంది వరసగా నిలబడి ఉన్నారు. ఆ బడ్డీ ముందు జనం నిలబడటం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఏదో ప్రమాదం జరిగిందనుకుని పార పట్టుకునే పరుగెత్తింది. వరస మొదట్లో ఎదురింటి ఐనార్ ఉన్నాడు. పడవ రేవులో టికెట్లు చింపి చింపి రిటైరైన మనిషి, ఆమె ఈడువాడు.

“ఏమైంది ఐనార్? ఎందుకిలా నిలబడ్డారు?”

“దుంపలకి.”

“దుంపలు నీ ముక్కు కిందే ఉన్నాయి కదా. తీసుకో.”

“నా నంబరు పిలవలేదు.”

“నీ నంబరెంత?”

“ఒకటి.”

“నీ ముందు ఎవరున్నారు?”

“ఎవరూ లేరు.”

“మరింకేం?”

“పిలవలేదుగా,” అన్నాడు ఐనార్, చిన్నపిల్లకు చెప్పినట్టు. “నంబర్లుండగా ఎవరికి వాళ్లు తీసుకుపోతే, రేపు వెనకవాళ్లు నా గురించి ఏమనుకుంటారు?”

వెనకవాళ్లు తలలూపారు. పొద్దున పడవ దిగొచ్చిన జర్మన్ దంపతులు స్తంభాన్ని గమనించక, సంచి తీసుకుని డబ్బాలో డబ్బులు వేసి పోయారట. ఆ సంగతి చెబుతూ ఒకావిడ ముక్కున వేలేసుకుంది. డబ్బులు వేశారు కదా అని డాగ్మార్ అంటే, ప్రశ్న డబ్బులది కాదంది ఆవిడ.

డాగ్మార్ ఇంట్లోకి పోయి, అట్టముక్క మీద 'నంబరు అక్కర్లేదు, తీసుకోండి' అని పెద్ద అక్షరాలతో రాసి తగిలించింది. అందరూ దాన్ని శ్రద్ధగా చదివారు. ఇద్దరు ఫొటో తీసుకున్నారు. తరువాత మళ్లీ వరసలో నిలబడ్డారు, ఎందుకంటే అట్ట మీద సంఘం ముద్ర లేదు. మధ్యాహ్నానికి ఎస్కిల్ ఫోన్ చేసి, అనుమతి లేని సందేశాలు కొనుగోలుదారుని గందరగోళపరుస్తాయని మెత్తగా చెప్పి, అట్టముక్క తీయించాడు.

“మరి నంబర్లు ఎవరు పిలవాలి?”

“మీరే. మీ ఫోన్లో మీట ఉంది. వేలిముద్ర వేస్తే తరువాతి నంబరు పిలుస్తుంది.”

వేలిముద్ర ఎందుకంటే, పిలిచేది అసలు యజమానే అని రుజువు కావాలి. (వేరెవరో పిలిస్తే కొనుగోలుదారు మోసపోయి దుంపలు కొనే ప్రమాదం ఉంది.) ఏర్పాటు బాగానే ఉంది. కాకపోతే దుంపలు తవ్వే చేతికి మట్టి ఉంటుంది. మట్టి వేలిని ఫోను యజమానిగా ఒప్పుకోలేదు. డాగ్మార్ కుళాయి దగ్గరికి పోయి చేతులు కడిగి, తుడుచుకుని, వేలు పెట్టి, ఒకటో నంబరును పిలిచి, చేలోకి వచ్చి రెండు మొక్కలు పెకలించేలోపు రెండో నంబరు దగ్గడం మొదలుపెట్టేవాడు. మళ్లీ కుళాయి. సాయంత్రానికి ఆమె చేతులు నర్సు చేతుల్లా మెరిసిపోయాయి, తవ్విన దుంపలు ఒక బుట్టకు రాలేదు.

రెండో వారానికి ఆమె తవ్వడం మానేసి, కుర్చీ తెచ్చుకుని బడ్డీ పక్కనే కూర్చుంది. ఎవరూ ఉండనక్కర్లేని బడ్డీలో ఒక మనిషి కూర్చోవడాన్ని విభాగం వెంటనే గుర్తించి, 'డిజిటల్ సాంకేతికత వల్ల దీవిలో ఒక కొత్త ఉద్యోగం' అని ప్రకటన విడుదల చేసింది. గతంలో కొనుగోలుదారు బడ్డీతో గడిపే కాలం అర నిమిషం ఉండేదనీ, ఇప్పుడు ముప్పావు గంటకు పెరిగిందనీ, ఇంతటి అనుబంధం రాజధానిలోని పెద్ద పెద్ద దుకాణాలకు కూడా లేదనీ అందులో ఉంది.

కూర్చున్న మనిషి తవ్వలేదు కదా. అరల్లో సంచులు పలచబడి, ఒక మంగళవారం పూర్తిగా ఖాళీ అయ్యాయి. డాగ్మార్ లేచి, చేతులు జోడించినంత పని చేసి, దుంపలు అయిపోయాయి, ఇళ్లకు వెళ్లండి అని చెప్పింది.

“స్తంభం ఇంకా నంబర్లిస్తోంది,” అన్నాడు ఐనార్. అప్పటికి అతను మడత కుర్చీ, ఫ్లాస్కు, మోకాళ్ల మీద కప్పుకోడానికి దుప్పటి తెచ్చుకోవడం మొదలుపెట్టాడు.

“స్తంభానికి దుంపలు లేవని తెలీదు, ఐనార్.”

“అది నీకూ దానికీ మధ్య వ్యవహారం. నాకు పదహారు వచ్చింది. నిన్నటికంటే నయం.”

నిజం చెప్పాలంటే జనానికి ఆ వరస బాగుంది. మామూలుగా ఆ దీవిలో మనిషి మరో మనిషితో మాట్లాడాలంటే కారణం కావాలి, ఇప్పుడు సంఘమే కారణం కల్పించింది. వరసలో స్వెట్టర్లు అల్లుకున్నారు, కేకులు పంచుకున్నారు. క్యూ ఉందంటే సరుకు గొప్పదై ఉండాలని పక్క దీవి నుంచి కూడా జనం దిగారు. ఎవరో మహానుభావుడు తన అభిప్రాయం కూడా రాశాడు: 'నా ముందు ఐదుగురే. వాతావరణం ప్రశాంతం. దుంపలు చూడలేదు. ఐదు నక్షత్రాలు.' డాగ్మార్ మాత్రం కుర్చీలో కూర్చుని వెనక్కి తిరిగి చేను వైపు చూసేది. ఆకులు ముదురుతున్నాయి. మట్టి కింద దుంపల తొక్క రోజురోజుకీ మందమవుతోందని తలుచుకుంటే ఆమెకు ఏడుపొచ్చేది. అయినా మీట నొక్కడం మానలేదు. తనిఖీ గండం గడిచి బడ్డీ దక్కితే చాలు, ఒక పంట పోయినా వచ్చే ఏడు చూసుకోవచ్చు అనుకుంది.

పండుగకు ముందురోజు ఎస్కిల్ కేకు పట్టుకుని వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

“అనుమతి వచ్చేసింది డాగ్మార్. అదీ శాశ్వత అనుమతి. దీవి మొత్తానికి అత్యధిక పరిపక్వత మీదే.”

డాగ్మార్ కుర్చీలోంచి లేచి అతన్ని కావలించుకుంది. నెల రోజుల తరువాత ఆమె నవ్వడం అదే మొదలు.

“అయితే ఇక బడ్డీ జోలికి ఎవరూ రారుగా?”

“అనుమతి స్తంభానికి,” అన్నాడు ఎస్కిల్, కేకు కోస్తూ. “బడ్డీ విషయం వేరు. తనిఖీ జరిగిన వారమంతా అరలు ఖాళీగా ఉన్నట్టు తేలింది. వాడకంలో లేని నిర్మాణం కింద వస్తుంది. రేపు పొద్దున బండి వచ్చి తీసుకెళ్తుంది. మీకు ఖర్చేమీ ఉండదు.”

డాగ్మార్ స్తంభం వైపు తిరిగింది.

“స్తంభం దేనికి, ఎస్కిల్?”

“నంబర్లివ్వడానికి.”

“నంబర్లు దేనికి?”

“క్యూ కోసం.”

“క్యూ దేనికి?”

ఎస్కిల్ కత్తి పక్కన పెట్టి నిజాయితీగా ఆలోచించాడు. “అది మీ వ్యాపార వ్యూహం, డాగ్మార్. అందులో మేం జోక్యం చేసుకోం.”

పొద్దున్నే బండి వచ్చింది. నాలుగు కర్రలు, రెండు అరలు, ఒక రేకు, ఒక డబ్బా దానిలోకి ఎక్కాయి. డాగ్మార్ గుమ్మంలో నిలబడి, బండి మలుపు తిరిగేదాకా చూసింది. ఆ తరువాత చేయడానికి పనేమీ కనిపించక పార తీసుకుని చేలోకి నడిచింది. మట్టిలో చేయి పెట్టి ఎన్నాళ్లయిందో. మొదటి మొక్క పెకలిస్తే దుంపలు కొంచెం ముదిరాయి గానీ, గోటితో గీస్తే తొక్క ఇంకా వస్తోంది. ప్రాణం లేచొచ్చింది ఆమెకు. బడ్డీ లేకపోతే పోయింది, జనం ఉన్నారు కదా, చేతికే ఇచ్చేస్తే సరి అనుకుంది. ఎండెక్కేలోపు పెద్ద బుట్ట నిండా తవ్వి, మట్టి చేతులతోనే మోసుకుని రోడ్డు మీదికి వచ్చింది.

స్తంభం ముందు వరస చెట్ల మలుపు దాకా ఉంది. పండుగ భోజనానికి అందరికీ కొత్త దుంపలు కావాలి. డాగ్మార్ నేరుగా ఐనార్ దగ్గరికి వెళ్లి బుట్ట అతని కాళ్ల ముందు దించింది.

“ఇప్పుడే తవ్వాను. తీసుకో. డబ్బులు కూడా వద్దు.”

ఐనార్ బుట్టలోకి వంగి చూశాడు. ఒక దుంప తీసి, గోటితో గీసి, వాసన చూసి, కళ్లు మూసుకున్నాడు. తరువాత దాన్ని జాగ్రత్తగా మళ్లీ బుట్టలోనే పెట్టాడు.

“చాలా బాగున్నాయి డాగ్మార్. కానీ ఇప్పుడు ఇవి తీసుకుని వెళ్లిపోతే నా వంతు పోతుంది.”

ఆమె మిగతావాళ్ల వైపు చూసింది. వాళ్లు ఆమెను కాస్త పక్కకు జరగమన్నారు, తెర కనిపించడం లేదట.