పరదేశపు శవం, ఎడమ కనురెప్ప

స్వస్తి! కలియుగంలో, రుధిరోద్గారి నామ సంవత్సర వైశాఖ మాసాన, రోహిణీకార్తె మార్తాండుడు చిత్తూరు పట్టణాన్ని చెరకురసపు పెనంలా కాచుతున్న ఒకానొక ఆదివారం, పదకొండున్నర ఆట వేళకు, నీవానది శుష్కసైకతానికి రెండు వీధుల ఇవతల, రేకుల కప్పు గల ఒక సినిమాహాలు ముఖద్వారాన, బెల్లం మండీ వర్తకశిఖామణి, తక్కెడతో పని లేకుండా దిమ్మె బరువు చెప్పగల హస్తలాఘవశాలి అయిన తిరుమలయ్య నిలిచి ఉన్నాడు. అప్పటికి అతని స్వాధీనంలో ఉన్న యుద్ధసామగ్రి ఇది: రెండు కుర్చీ టికెట్లు, ఒక నగరి తువ్వాలు, ఒక పొట్లం ఉడకబెట్టిన చెనక్కాయలు, ఆరేళ్లుగా చెక్కుచెదరకుండా దాచుకున్న ఓటమి.

ఆ ఓటమి ఎవరి చేతిలోనంటే, పక్కనే నిలిచి విసనకర్ర లేదని విసుక్కుంటున్న వియ్యంకుడు, శ్రీకాళహస్తి మునస్వామి చేతిలో. కూతురు మునిలక్ష్మిని వాళ్లింటికి ఇచ్చిన నాటినుంచి, సాంబారులో ఉప్పు విషయమైనా, రేణిగుంటకు ఏ బస్సు ముందు చేరుతుందన్న విషయమైనా, మగపిల్లవాడి తండ్రి అన్నదే మాట. తిరుమలయ్య తల ఊపడమే తప్ప ఒక్క వాదం గెలిచి ఎరగడు. గాజుపెట్టెలో పడుకున్న ఒక దొర శవం, దాని చుట్టూ తీగలు పట్టుకున్న డాక్టర్లు ఉన్న గోడపత్రిక శుక్రవారం నాడు ఇద్దరి కంటా పడింది. అక్కడే ధర్మక్షేత్రం ఏర్పడింది.

"సచ్చినోడు యాడైనా లేస్తాడా? మన్ను కొట్టుకొని పోయే కత ఇది," అని మునస్వామి మేఘగంభీర స్వరంతో పలికాడు. "లేచినాడే అనుకో, ఆస్తి పంచుకున్న కొడుకులు ఒప్పుకుంటారా అప్పా?"

"ఇంత పెద్ద మిషను పెట్టినోడు లేపకుండా ఇడిస్తాడా బావగారూ? పెట్టుబడి ఊరికే పోతాది గదా," అన్నాడు తిరుమలయ్య. ఆరేళ్లలో అతడు ఎదురాడిన మొదటి మాట అది. ఆడిన మాట వెనక్కి తీసుకోలేదు. ఈసారి మాట నెగ్గకపోతే ఇక జన్మలో నెగ్గదని అతనికి తెలుసు.

ఇంగ్లీషు రాని ఇద్దరు వీరులూ లోపలికి నడిచి ఆసనాలు అధిష్ఠించారు. తెర మీద ధవళాంబరధారులైన వైద్యభటులు యమధర్మరాజు మీద దండెత్తారు. మీటలు నొక్కారు, సూదులు పొడిచారు, నీలిజ్వాలలు రేపారు. దొర శవం కదలలేదు. గంటన్నర గడిచేసరికి చెనక్కాయలు నిశ్శేషమయ్యాయి. పెద్ద డాక్టరు ముఖాన చెమటలు కారగా, అన్నిటికంటే పెద్దదైన ఎర్ర మీట మీద చేయి వేశాడు.

సరిగ్గా అప్పుడు హాల్లో కరెంటు పోయింది.

ఆహా! మృత్యువును జయించబూనిన మహాయంత్రం కూడా చిత్తూరు కరెంటు కోతను దాటలేకపోయింది! తెర నల్లబడింది, పంకాలు ఆగాయి, రేకుల కప్పు కింద రెండు వందల తలలు ఒకేసారి ఉడకసాగాయి. ఆ అంధకారంలోంచి మునస్వామి కంఠం వినవచ్చింది.

"అప్పా, ఉక్కగా ఉండాదప్పా."

ఆడపిల్ల తండ్రికి ఇంతకంటే స్పష్టమైన ఆజ్ఞ ఉండదు. తిరుమలయ్య తువ్వాలును రెండు మడతలు వేసి విసరనారంభించాడు. ఇచ్చేది సరుకైనా సేవైనా తూకం తగ్గనీయని నైజం అతనిది కనుక, కుడిచేయి నొస్తే ఎడమచేత, ఎడమచేయి నొస్తే రెండు చేతులా, మలయమారుతాన్ని మరిపించేటట్టు ముప్పావు గంట విసిరాడు. ఫలితంగా మునస్వామి మెడ మెల్లగా వాలి, గురక పుట్టింది.

కరెంటు వచ్చింది. ఎర్ర మీట దిగింది. తిరుమలయ్య పక్కకు తిరిగి చూశాడు. తన పక్షాన సాక్ష్యం తెర మీద లేవబోతున్నది, ప్రతిపక్షం పక్కన పడి నిద్రపోతున్నది! లేపుదామంటే, నిద్రలో ఉన్న వియ్యంకుణ్ణి తట్టి లేపిన ఆడపిల్ల తండ్రి ఆ జిల్లాలో అప్పటికి లేడు. దగ్గాడు. ఖాళీ పొట్లం నలిపి చప్పుడు చేశాడు. "గోవిందా!" అని మెల్లగా, తర్వాత గట్టిగా స్మరించాడు. వెనక కుర్చీవాడు "కొండకు పోయి అరుసుకో సామీ," అన్నాడు. మునస్వామి గురక శ్రుతి మార్చుకుందే గాని తెగలేదు.

అంతలో దొర ఎడమ కనురెప్ప కదిలింది. ఒక్కసారే. ఆ వెంటనే తెర మీద అక్షరాలు పైకి పాకాయి, తలుపులు తెరుచుకున్నాయి, ఎండ వచ్చి మునస్వామి ముఖాన పడింది.

"ఏమాయె? లేవలేదు గదా?" అన్నాడతడు కళ్లు నులుముకుంటూ.

"మీరు సూడలేదా బావగారూ?" అన్నాడు తిరుమలయ్య, మహావినయంగా. ఆ వినయం బాణమై దిగబడింది.

"సూడకేం? సూసినా. కడాన ఆ ముందరోడి తల అడ్డమొచ్చె," అంటూ మునస్వామి గబగబా వెళ్లి గేటు దగ్గర టికెట్లు చింపే జయరామ్‌ను పట్టుకున్నాడు. "ఏమబ్బా, ఆ సచ్చినోడు లేచినాడా?"

"నాకేం తెలుసన్నా? బొమ్మ అయిపోయేలోపల నేను వచ్చి తలుపులు తీయాల గదా," అన్నాడు జయరామ్. "నాలుగు దినాలుగా ఆడతాండాది. వాడు ఏమైనాడో నేనెరగను."

తర్వాతి ఆటనుంచి తమిళ బొమ్మ. ఇంగ్లీషు బొమ్మకు ఇప్పుడు ముగిసిందే ఆఖరి ఆట. మునస్వామి జనం చెదిరిపోయిన నడివీధిలో నిలబడి, అటు చూసి, ఇటు చూసి, చివరకు తిరుమలయ్య దగ్గరికి తానే నడిచి వచ్చాడు.

"బావా," అన్నాడు గొంతు తగ్గించి. "నువ్వే సెప్పు బావా. లేచినాడా?"

తిరుమలయ్య తొందరపడలేదు. బేరం పైకి పోతున్నప్పుడు సరుకు దింపడం వర్తకధర్మం కాదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఎడమ కన్ను కదిలింది బావగారూ."

"ఒక కన్నేనా?"

"ఒకటే."

"అది లేచినట్టా, లేనట్టా?"

"లేచినట్టే."

మునస్వామి తల ఊపి, "అట్లనా," అన్నాడు. కాదనలేదు.

భేరీలు మోగలేదు, పుష్పవృష్టి కురవలేదు. అయినా ఆ మండుటెండలో చిత్తూరు మార్కెట్టు వీధిలో బెల్లం మండీ వర్తకశిఖామణి విజయలక్ష్మీసమేతుడై నడిచాడు. ఖర్చులన్నీ పోను ఆనాడు మిగిలిన నికరం: ఒక పరదేశపు శవం తాలూకు ఎడమ కనురెప్ప కదలిక, అర అంగుళం. దాని మీద వియ్యంకుడు అడిగిన ప్రశ్నలు, మూడు.